ఫోమినా అన్నాడా, అన్నారా? తెలుగు క్రీడా డెస్కులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల, టీవీ ఛానళ్ల క్రీడా విభాగాల ఎడిటర్లకు, రాత్రి షిఫ్టులో కూర్చుని ఏజెన్సీ వార్తల్ని తెలుగు చేసే సబ్‌ఎడిటర్లకు,

నమస్కారం.

ఆడవాళ్ల ఫుట్‌బాల్ వార్త మన పేజీలో పడినా అడుగున ఓ మూల నాలుగు వాక్యాలు ఉంటుంది. అంతకంటే ఎక్కువ చోటు ఇమ్మని ఈ లేఖ రాయడం లేదు. చోటు పూర్తిగా మీ చేతుల్లో ఉండదని తెలుసు, క్రికెట్ ఉన్న రోజున హాకీకే దిక్కుండదు. మా కోరికల్లా ఆ నాలుగు వాక్యాలూ తప్పుల్లేకుండా రావాలని. తప్పులు ఎక్కడ దొర్లుతున్నాయో, ఎందుకు దొర్లుతున్నాయో చూపించడానికి ఒక్క మనిషి కెరీర్‌ను తీసుకుంటున్నాం: యెలేనా ఫోమినా. రష్యా మిడ్‌ఫీల్డర్‌గా 1999, 2003 ప్రపంచకప్‌లు ఆడారు. 2015 నుంచి 2020 దాకా అదే జాతీయ జట్టుకు హెడ్ కోచ్. ఆ తర్వాత మాస్కో లోకోమోటివ్ కోచ్‌గా 2021లో రష్యా లీగ్ టైటిల్ గెలిచారు. ఆటలోంచి కోచింగ్‌లోకి వచ్చిన ఏ క్రీడాకారిణి గురించి రాసినా ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఈమె దగ్గర కనిపిస్తాయి.

మొదటి చిక్కు క్రియాపదంలోనే ఉంది. ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీలో 'రష్యా కోచ్ చెప్పిన ప్రకారం' అన్నంత మాత్రమే ఉంటుంది. చెప్పింది మగో ఆడో ఆ వాక్యానికి అక్కర్లేదు. తెలుగుకు అక్కర. అన్నాడు, అంది, అన్నారు: మూడింటిలో ఏదో ఒకటి వేయందే వాక్యం పూర్తి కాదు. చెయ్యి అలవాటుగా 'అన్నాడు' అని కొట్టేస్తుంది. 2017 యూరో కప్‌లో పదహారు జట్లలో ఆరింటికి కోచ్‌లు స్త్రీలు: జర్మనీకి స్టెఫీ జోన్స్, స్వీడన్‌కు పియా సుందాగే, నెదర్లాండ్స్‌కు సరీనా వీగ్‌మన్, స్విట్జర్లాండ్‌కు మార్టినా ఫోస్ టెక్లెన్‌బుర్గ్, స్కాట్లాండ్‌కు ఆనా సీన్యెల్, రష్యాకు ఫోమినా. ఆ టోర్నీలో 'కోచ్ అన్నాడు' అని గుడ్డిగా రాసుకుంటూ పోతే పదహారింట ఆరుసార్లు తప్పు. రష్యన్ ఇంటిపేరు ఆడవాళ్లకు సాధారణంగా 'ఆ'తో ముగుస్తుంది, ఫోమిన్ మగ, ఫోమినా ఆడ. పేరులోనే జవాబు ఉంది, ఒక్క క్షణం చూస్తే చాలు. అయితే 'ఎంకో'తో ముగిసే ఇంటిపేర్లు ఇద్దరికీ ఒకటే. ఖార్చెంకో అని కనిపిస్తే మొదటి పేరు చూడాల్సిందే.

ఇక 'అంది'నా 'అన్నారు'నా అన్నది మీ పేజీ మర్యాద. పురుషుల జట్టు కోచ్‌కు 'అన్నారు' వాడే పేజీలో స్త్రీ కోచ్‌కూ అదే ఉండాలి. ఇందులో వాదనకేమీ లేదు.

పేర్ల దగ్గర మాకు ఒక ఫిర్యాదు ఉంది. రష్యన్‌లో త, ద పళ్ల దగ్గర పలికేవే. మనకు ఆ అక్షరాలు ఉన్నాయి. ఇంగ్లిష్ లిపిలో త, ట రెండూ ఒకే అక్షరం కాబట్టి దాని మీదుగా వచ్చేటప్పటికి అవి ట, డ అవుతున్నాయి. పుతిన్‌ను పుటిన్ అని మనలో ఎవరూ రాయరు. అలాంటప్పుడు రష్యా ఫార్వర్డ్ దనీలొవా 'డానిలోవా' ఎందుకు కావాలి? వోల్గా ఒడ్డున కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు తొల్యాత్తి. ఇటలీ కమ్యూనిస్టు నాయకుడి పేరు పెట్టిన ఊరది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి 'టోగ్లియాట్టి' అని రాస్తే ఆ పేరు రష్యన్‌లోనూ లేదు, ఇటాలియన్‌లోనూ లేదు. ఒకప్పుడు మాస్కోలో కూర్చుని రష్యన్ నుంచి నేరుగా తెలుగులోకి అనువదించినవాళ్లు ఉండేవారు. తమ ప్రచురణ సంస్థ పేరును 'రాదుగ' అని ద వేసి అచ్చు వేసిన పుస్తకాలు ఇప్పటికీ పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతాయి. ఆ అలవాటును తిరిగి తెచ్చుకోవడం పెద్ద పని కాదు.

అలాగని అన్నీ దిద్దనక్కర్లేదు. మాస్కో క్లబ్ సీఎస్‌కేఏను రష్యన్లు 'త్సె ఎస్ కా' అంటారు. ఆ మొదటి ధ్వని 'చాప'లో మనం పలికే దంత్య చకారానికి చాలా దగ్గర. అయినా పాఠకుడికి సీఎస్‌కేఏ అలవాటైపోయింది, దాన్ని ఉండనివ్వండి. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. సమారా నగరానికి వాయుసేన పేరుతో ఒక క్లబ్ ఉండేది, సీఎస్‌కే వీవీఎస్. 1994, 1996, 2001లో లీగ్ గెలిచింది. శీర్షికలో చోటు చాలక 'సీఎస్‌కే' అని కత్తిరిస్తే పాఠకుడికి ధోనీ గుర్తొస్తాడు.

రష్యన్ అధికారిక పత్రాల్లో పేరు మూడు ముక్కలుగా ఉంటుంది: ఫోమినా యెలేనా అలెక్సాంద్రొవ్నా. మనలాగే ఇంటిపేరు ముందు. చివరిది తండ్రి పేరు, అలెక్సాందర్ కూతురు అని అర్థం. ఇంగ్లిష్ అలవాటులో చివరి ముక్కే ఇంటిపేరు అనుకుని 'అలెక్సాంద్రొవ్నా జట్టు ఓటమి' అని రాస్తే అది మనిషి పేరే కాదు, నాన్న పేరు. ఇంటిపేరు ముందు రాసే మనం ఈ తప్పు చేయకూడదు. గుగులోత్ సౌమ్య నిజామాబాద్ నుంచి జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లినప్పుడు అక్కడివాళ్లు ఏది ఇంటిపేరో తెలుసుకుని రాయాలని మనం ఆశించాం కదా. మొదటి పేరు ఒక్కటే వాడటమూ ప్రమాదమే. 2017 జులై 17న రోటర్‌డామ్‌లో ఇటలీపై రష్యా 2-1తో గెలిచింది. గోల్స్ కొట్టినవాళ్లు యెలేనా దనీలొవా, యెలేనా మొరోజొవా. కోచ్ యెలేనా ఫోమినా. ముగ్గురూ యెలేనాలే.

పుట్టిన తేదీని రష్యన్ పత్రాలు 05.04.1979 అని రాస్తాయి. అది ఏప్రిల్ 5. అమెరికన్ డేటాబేస్ గుండా వచ్చిన తేదీ అయితే అది మే 4గా మారి ఉండొచ్చు. రెండు అంకెలూ పన్నెండు లోపు ఉన్నప్పుడల్లా ఈ అనుమానం పెట్టుకోవాలి. నెలను అక్షరాల్లో రాసేస్తే గొడవ వదిలిపోతుంది.

యంత్రానువాదం వాడేవాళ్లకు ఇంకొన్ని. రష్యన్‌లో విభక్తి పేరు చివరే చేరుతుంది, మన 'కు, ని, తో'ల్లాగా. 'ఫోమినాకు' అన్నచోట 'ఫోమినోయ్' అని, 'ఫోమినాను' అన్నచోట 'ఫోమినూ' అని ఉంటుంది. యంత్రం దాన్ని అలాగే వదిలేస్తే ఒకే వార్తలో ముగ్గురు మనుషులు తయారవుతారు. మిడ్‌ఫీల్డర్‌కు రష్యన్ మాట విడదీస్తే 'సగం రక్షకుడు' అని వస్తుంది. డ్రాకు వాడే మాటకు మాటగా అర్థం 'ఎవరిదీ కానిది'. జాతీయ జట్టుకు వాడే మాట 'పోగుచేసినది'. పదం దగ్గరే ఆగితే ఇవన్నీ వింత వాక్యాలవుతాయి. కోచ్‌ను వాళ్లు 'త్రేనెర్' అంటారు. మన దగ్గర ట్రైనర్ అంటే జిమ్‌లో బరువులు ఎత్తించేవాడు కాబట్టి కోచ్ అనే రాయాలి. కోచ్ హోదా ముందు 'ఇ.ఓ.' అని రెండు పొడి అక్షరాలు కనిపిస్తే 'తాత్కాలికంగా బాధ్యతలు చూస్తున్న' అని అర్థం. దేవస్థానం ఈఓ కాదు. ఆ రెండు అక్షరాలు ఎగిరిపోతే తాత్కాలిక కోచ్ కాస్తా పర్మినెంట్ అయిపోతారు.

ఇప్పుడు ఆట సంగతి. 'మాజీ క్రీడాకారిణి' అని ఒక్క మాటలో తేల్చేసే భాగం ఇదే. ఫోమినా విషయంలో అసలు బరువంతా అక్కడే ఉంది.

సోవియట్ క్రీడా అధికారులు 1970ల మొదట్లో స్త్రీల ఫుట్‌బాల్‌ను ఆరోగ్యానికి మంచిది కాదంటూ పక్కన పెట్టేశారు. దేశస్థాయి స్త్రీల చాంపియన్‌షిప్ మొదలైంది 1990లో. అప్పటికి ఫోమినాకు పదకొండేళ్లు. సోవియట్ యూనియన్ విడిపోయాక 1992 నుంచి రష్యా లీగ్. అంటే లీగ్ అనేది ఒకటి ఉన్న దేశంలో పెరిగిన మొదటి తరం ఆమెది. అంతకుముందు వాళ్లలో కోచ్‌లుగా మారగలిగిన ఆడవాళ్లు ఎందుకు తక్కువో దీంతోనే అర్థమవుతుంది. ఆడిన అనుభవమే లేనప్పుడు కోచ్‌లు ఎక్కణ్ణుంచి వస్తారు?

1999లో ప్రపంచకప్‌లో మొదటిసారి పదహారు జట్లు ఆడాయి. రష్యాకు అదే మొదటి ప్రపంచకప్. నార్వే చేతిలో 1-2తో ఓడి, జపాన్‌పై 5-0తో, కెనడాపై 4-1తో గెలిచింది. కెనడా మ్యాచ్‌లో ఇరవై ఏళ్ల ఫోమినా రెండు గోల్స్ కొట్టారు. క్వార్టర్ ఫైనల్లో చైనా 2-0తో ఇంటికి పంపింది. 2003లో ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్ 1-1 దగ్గర డ్రా అయ్యేలా ఉండగా 89వ నిమిషంలో గెలుపు గోల్ ఫోమినాది. తర్వాత ఘనాపై 3-0 గెలుపు, చైనా చేతిలో 0-1 ఓటమి. అక్టోబర్ 2న పోర్ట్‌లాండ్‌లో జర్మనీతో క్వార్టర్ ఫైనల్, 1-7.

ఈ రెండు క్వార్టర్ ఫైనళ్లను 'ఘోర ఓటమి' అని రాసే ముందు ఎదుటి జట్టు ఆ తర్వాత ఎంతవరకు వెళ్లిందో చూడాలి. 1999లో చైనా ఫైనల్ దాకా వెళ్లింది. 2003లో జర్మనీ కప్పే గెలిచింది. రష్యా స్త్రీల జట్టు ఆ తర్వాత ఇంకో ప్రపంచకప్ ఆడనేలేదు. రష్యా తరఫున ప్రపంచకప్ ఆడిన ఆడవాళ్లు ఎవరంటే ఆ రెండు జట్లలో ఉన్నవాళ్లే. ఫోమినా రెండింటిలోనూ ఉన్నారు.

జర్మనీ మీద ఆ ఒక్క గోల్ కొట్టింది దనీలొవా. పుట్టింది 1987 జూన్ 17న, ఆ రోజుకు పదహారేళ్ల 107 రోజులు. స్త్రీల ప్రపంచకప్‌లో అతి చిన్న వయసులో గోల్ కొట్టిన రికార్డు ఆమెది. ఆ మ్యాచ్‌లో ఓడిన జట్టులోని ఇరవై నాలుగేళ్ల మిడ్‌ఫీల్డర్ ఫోమినా పద్నాలుగేళ్ల తర్వాత కోచ్‌గా నిలబడితే, ఆ పదహారేళ్ల పిల్ల ముప్ఫై ఏళ్ల ఫార్వర్డ్‌గా ఆమె కోసం ఇటలీపై తొమ్మిదో నిమిషంలో గోల్ కొట్టింది. 'మాజీ క్రీడాకారిణి' అన్న మాటలో ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది? రెండు టోర్నీల జట్ల జాబితాలు పక్కపక్కన పెట్టుకుంటే రెండు నిమిషాల్లో దొరికే విషయమిది.

క్లబ్బుల దగ్గర తప్పులు ఇంకా ఎక్కువ. కారణం పేర్లు మారడం. రష్యా స్త్రీల క్లబ్ పేరులో తరచుగా దాన్ని పోషించేవాళ్ల పేరు కలిసి ఉంటుంది. రియజాన్ క్లబ్ 1999, 2000లో లీగ్ గెలిచినప్పుడు రియజాన్-టీఎన్‌కే, అది చమురు కంపెనీ పేరు. 2018లో గెలిచిన రియజాన్ జట్టు పేరు రియజాన్-వీడీవీ, అది పారాట్రూపర్ల దళం. 2004 విజేత లాదా తొల్యాత్తి, ఆ ఊళ్లో తయారయ్యే కారు పేరు. పెర్మ్ జట్టు జ్వెజ్‌దా-2005లో అంకె స్థాపించిన ఏడు, సీజన్ కాదు. దాన్ని 'జ్వెజ్‌దా, 2005లో' అని కామా పెట్టి విడదీస్తే అర్థమే మారిపోతుంది. ఈ జట్టే 2009లో యూరప్ క్లబ్ ఫైనల్ ఆడింది. కజాన్‌లో మొదటి మ్యాచ్‌లో జర్మనీ క్లబ్ డూయిస్‌బుర్గ్ 6-0తో గెలిచాక రెండోది 1-1. రెండోదే ఫైనల్ అన్నట్టు '1-1 డ్రా' అని పడితే, డ్రా అయిన మ్యాచ్‌లో కప్పు డూయిస్‌బుర్గ్‌కు ఎలా వెళ్లిందో పాఠకుడికి అర్థం కాదు. రెండు అంచెల పోటీలో ఎప్పుడూ మొత్తం స్కోరు రాయాలి. ఇక్కడ 7-1.

క్రీడాకారిణి కెరీర్‌లో 'నాలుగు క్లబ్బులు మారింది' అని రాసే ముందు వాటిలో రెండు ఒకే క్లబ్బుకు కొత్త పేరు కావేమో చూడండి. డబ్బు పెట్టే కంపెనీ తప్పుకుంటే క్లబ్ మూతపడుతుంది, ఆటగాళ్లు మూకుమ్మడిగా ఇంకో ఊరికి వెళ్తారు. దాన్ని 'నిలకడ లేని కెరీర్' అనడం అన్యాయం. 2019 నుంచి విజేతల జాబితా చూస్తే గాలి మారింది: 2019, 2020 సీఎస్‌కేఏ, 2021 లోకోమోటివ్, 2022 జెనిత్. అన్నీ పురుషుల ఫుట్‌బాల్‌లో పెద్ద పేర్లు. లోకోమోటివ్ స్త్రీల జట్టు పెట్టింది 2018లో, జెనిత్ 2020లో. అందువల్ల 2021లో ఫోమినా గెలిచిన టైటిల్‌ను 'వందేళ్ల చరిత్ర ఉన్న లోకోమోటివ్' అంటూ మొదలెట్టకండి. స్త్రీల జట్టుకు అప్పటికి మూడేళ్లు. అది వాళ్ల మొదటి లీగ్ టైటిల్. లీగ్ ఎక్కువ కాలం క్యాలెండర్ ఏడాదిలోనే జరిగింది, మధ్యలో 2011-12, 2012-13 మాత్రం శరత్తు నుంచి వసంతం దాకా నడిచాయి. 2021 టైటిల్‌ను '2021-22 సీజన్' చేయడం యూరప్ అంతా ఒకటే అనుకోవడం వల్ల వచ్చే తప్పు.

కోచింగ్ లైసెన్సుల గురించి క్లుప్తంగా. యూరప్‌లో సీ, బీ, ఏ, ప్రో అనే మెట్లు ఉంటాయి. కనీస శిక్షణ గంటలు బీకి 120, ఏకి 180, ప్రోకి 360. మామూలుగా ఒకటి ఎక్కాకే ఇంకోటి. లైసెన్సు మూడేళ్లే చెల్లుతుంది, ఈలోగా పదిహేను గంటల అదనపు శిక్షణ పూర్తి చేస్తేనే పొడిగిస్తారు. కాబట్టి 'ఆట మానేసి కోచ్ అయింది' అన్న వాక్యంలో ఆ రెంటి మధ్యా కొన్నేళ్ల చదువు దాక్కుని ఉంటుంది. దీన్ని డిగ్రీ అనకండి, లైసెన్సు అనే రాయండి. ఎవరికి ఏ మెట్టు ఉందో సమాఖ్య ప్రకటనలో కనిపిస్తేనే రాయండి. 'అనుభవజ్ఞురాలు' లాంటి పూత మాట బదులు ఆడిన టోర్నీలు వేస్తే చాలు.

జాతీయ జట్టు కోచ్ రికార్డును చదవడంలో జరిగే తప్పులు వేరే రకం. క్లబ్ కోచ్ రోజూ జట్టును చూస్తారు. జాతీయ కోచ్‌కు ఫిఫా ఇచ్చే కొద్ది వారాలే దొరుకుతాయి, అందులో ప్రతిసారీ ప్రయాణాలు పోగా మైదానంలో నాలుగైదు రోజులు. ఐదేళ్లలో ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు అని ఒక శాతం తీసి 'విఫలం' అనేస్తే ఆ మ్యాచ్‌ల్లో ఎవరు ఎదురయ్యారో కనబడదు. ఫోమినాకు ముందు యూరో ఫైనల్ టోర్నీల్లో, అంటే అర్హత పోటీల తర్వాత జరిగే అసలు టోర్నీల్లో, రష్యా పరిస్థితి ఇది: 1997లో మూడూ ఓటమి. 2001లో ఒక డ్రా, రెండు ఓటములు. 2009లో మళ్లీ మూడూ ఓటమి. 2013లో ఇంగ్లండ్‌తో, స్పెయిన్‌తో 1-1 డ్రాలు, ఫ్రాన్స్ చేతిలో ఓటమి. ఆ ఏడాది మూడో స్థానంలో నిలిచిన జట్లలో రష్యా, డెన్మార్క్ రెండు పాయింట్లతో సమంగా ఉంటే, చీటీ తీసి డెన్మార్క్‌ను క్వార్టర్ ఫైనల్‌కు పంపారు. నాలుగు టోర్నీలు, పన్నెండు మ్యాచ్‌లు, ఒక్క గెలుపూ లేదు.

ఆ లెక్కన 2017లో ఇటలీపై 2-1 అన్నది గ్రూపులో మామూలు ఫలితం కాదు. యూరో ఫైనల్ టోర్నీలో రష్యా స్త్రీల జట్టు మొట్టమొదటి గెలుపు. ఇటలీ కోచ్ అంటోనియో కాబ్రీనీ 1982లో పురుషుల ప్రపంచకప్ గెలిచిన మనిషి కావడంతో వార్తలు ఆయన చుట్టూ తిరిగితే ఆశ్చర్యం లేదు. కానీ శీర్షిక మాత్రం అవతలి బెంచీదే కావాలి. తర్వాత స్వీడన్ చేతిలో 0-2, జర్మనీ చేతిలో 0-2. జర్మనీ కొట్టిన రెండూ పెనాల్టీలే. 'జర్మనీ ముందు తేలిపోయిన రష్యా' అని రాయడానికి ముందు గోల్స్ ఎలా పడ్డాయో చూసే ఓపిక కావాలి. ఆ గ్రూపులో నలుగురు కోచ్‌లలో జోన్స్, సుందాగే, ఫోమినా ముగ్గురూ తమ దేశాల స్త్రీల జట్లకు ఆడినవాళ్లు. ఇది ఒక్క బాక్స్ ఐటమ్‌కు సరిపడా సంగతి.

దాని వెనకే చెడ్డ రోజులూ ఉన్నాయి, వాటినీ దాచనక్కర్లేదు. 2017 సెప్టెంబర్ 19న ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో ఇంగ్లండ్ 6-0తో చిత్తు చేసింది. మర్నాడే ఇంగ్లండ్ కోచ్ మార్క్ శాంప్సన్‌ను తీసేయడంతో ప్రపంచమంతా ఆయన గురించే రాసింది, ఓడిన జట్టు కోచ్ పేరు వెనక్కి పోయింది. 2018 జూన్‌లో రష్యా పురుషుల ప్రపంచకప్ మొదలయ్యే వారంలో, మన పేజీలన్నీ మాస్కో స్టేడియాల ఫొటోలతో నిండి ఉండగా, ఫోమినా జట్టు మాస్కోలో ఇంగ్లండ్ చేతిలో 1-3తో, నాలుగు రోజుల తర్వాత న్యూపోర్ట్‌లో వేల్స్ చేతిలో 0-3తో ఓడింది. 2019 ప్రపంచకప్ దారి అక్కడ మూసుకుపోయింది.

తరువాతి యూరో అర్హత పోటీ అందరినీ తికమక పెట్టే భాగం. టోర్నీ మొదట 2021లో జరగాల్సింది. కోవిడ్ వల్ల పురుషుల యూరో ఒక ఏడాది వెనక్కి జరగడంతో స్త్రీలది 2022 జులైకి వెళ్లింది. అర్హత గ్రూపులో రష్యా ఫోమినా కింద నెదర్లాండ్స్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. నెదర్లాండ్స్ చేతిలో అక్కడ 0-2, మాస్కోలో 0-1. ఇది 2017 యూరో విజేత జట్టు. 2020 చివర ఫోమినా స్థానంలో యూరి క్రస్నొజాన్ వచ్చారు. 2021 ఏప్రిల్‌లో ప్లేఆఫ్‌లో ఆయన కింద రష్యా పోర్చుగల్‌ను మొత్తం మీద 1-0తో దాటింది. అక్కడ 1-0 గెలుపు, సొంతగడ్డపై 0-0. మరి రష్యాను అర్హత దాకా తీసుకెళ్లింది ఎవరు? ఇద్దరూ. 'క్రస్నొజాన్ అర్హత సాధించిపెట్టాడు' అన్నా తప్పే, 'ఫోమినా అర్హత సాధించిపెట్టారు' అన్నా తప్పే. గ్రూపు ఒకరిది, ప్లేఆఫ్ ఇంకొకరిది అని ఒక్క వాక్యం అదనంగా రాయాలి.

ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 ఫిబ్రవరి 28న ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా రష్యా జట్లను సస్పెండ్ చేశాయి. మే 2న రష్యా స్థానాన్ని ప్లేఆఫ్‌లో ఓడిన పోర్చుగల్‌కు ఇచ్చారు. 'రష్యా 2022 యూరోకు అర్హత సాధించలేదు' అని రాయడం చెల్లదు. సాధించింది, ఆడనివ్వలేదు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది మీ సంపాదకీయం చూసుకుంటుంది. మా పట్టుదల వాస్తవం దగ్గరే. ఈ సస్పెన్షన్ క్లబ్బులకూ వర్తించింది. అందుకే 2022 తర్వాత రష్యా క్లబ్ కోచ్‌ల గురించి 'యూరప్‌లో ఒక్క మ్యాచ్ గెలవలేదు' అని రాస్తే ఆడని మ్యాచ్‌ను ఓడినట్టు చూపడమే అవుతుంది.

రాత్రి పదకొండుకు కాపీ వచ్చి, ఎడిషన్‌కు ఇరవై నిమిషాలు ఉన్నప్పుడు ఇదంతా ఎవరు చూస్తారు అంటారు. నిజమే, అన్నీ చూడలేరు. అప్పుడు ఈ వరసలో చూడండి. ముందుగా కోచ్ ఆడో మగో తేల్చుకుని క్రియలు దిద్దండి, దీనికి అర నిమిషం. తర్వాత స్కోరు. రష్యన్ పట్టికలో సొంతగడ్డ జట్టు ముందు ఉంటుంది, 0:1 అంటే సందర్శకులు గెలిచారు. తెలుగులో గెలిచినవాళ్ల అంకె ముందు పెట్టి, గెలిచిన జట్టు పేరుతో వాక్యం మొదలెట్టండి, తికమక ఉండదు. మూడోది తేదీ: ఈ కోచ్ ఈ మ్యాచ్ నాటికి పదవిలో ఉన్నారా? నియామకం, నిష్క్రమణ జరిగిన నెలల్లోనే ఎక్కువ తప్పులు పడతాయి. నాలుగోది క్లబ్ పేరు, ఆ ఏడాది ఉన్న పేరే వేయాలి, ఇప్పటి పేరు కాదు. ఇంకా టైమ్ మిగిలితే స్పెల్లింగ్. మిగలకపోతే గోల్స్ సంఖ్యలు, మొత్తం జాతీయ మ్యాచ్‌ల సంఖ్య వదిలేయండి. అవి సమాఖ్యకు, యుయెఫాకు, ఔత్సాహికుల పట్టికలకు మధ్య తేడా వస్తాయి. స్నేహపూర్వక మ్యాచ్‌లను ఒకరు కలుపుతారు, ఒకరు కలపరు. తెలియని అంకె వేయకపోవడం వల్ల వార్తకు లోటేమీ రాదు.

డెస్క్ ఫైల్లో పెట్టుకోవడానికి వీలుగా ఒక పేరా రాసి ఇస్తున్నాం. కోత పెట్టాల్సి వస్తే చివరి వాక్యం నుంచి కోయండి:

'యెలేనా ఫోమినా (జననం 1979 ఏప్రిల్ 5) రష్యా మాజీ మిడ్‌ఫీల్డర్, కోచ్. 1999, 2003 ప్రపంచకప్‌లలో క్వార్టర్ ఫైనల్ చేరిన జట్టు సభ్యురాలు. 2003లో ఆస్ట్రేలియాపై 89వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టారు. 2015-2020 మధ్య జాతీయ జట్టు హెడ్ కోచ్. ఆమె హయాంలో 2017లో ఇటలీపై 2-1తో రష్యా యూరో ఫైనల్ టోర్నీల్లో తొలి గెలుపు నమోదు చేసింది. 2021లో మాస్కో లోకోమోటివ్‌కు తొలి లీగ్ టైటిల్ అందించారు.'

ఇందులో 'దిగ్గజం' లేదు, 'సంచలనం' లేదు. అవి మీ శీర్షికలకు వదిలేశాం. పేరాలో ఏ అంకె మీదైనా అనుమానం వస్తే వేసే ముందు ఆ మ్యాచ్ నివేదిక తీసి చూడండి, మా మాట మీద నమ్మి వేయకండి.

ఇట్లు,
స్త్రీల ఫుట్‌బాల్ రికార్డులు తెలుగులో రాసుకుంటున్న కొందరం